కాగితం ఎవరి దగ్గర వుంది? కోకాపేట భూమి, ఆదిహిందూ అచ్చు, అట్లాంటా గ్రంథాలయం

2023 ఆగస్టు 3న కోకాపేటలో 45.33 ఎకరాల సర్కారు భూమిని వేలం వేస్తే 3319 కోట్ల 60 లక్షల రూపాయలు వచ్చాయి. ఒక ప్లాటులో ఎకరం ధర 100 కోట్ల 75 లక్షలు పలికింది. అంతకు రెండేళ్ళ ముందు, 2021 జూలైలో, అక్కడే ఎకరం 60 కోట్లు దాటిందని పేపర్లు నోరెళ్ళబెట్టాయి. ఇంకా వెనక్కి పోతే 2006లో హుడా వేసిన వేలం వుంది. అప్పుడు కొన్నవాళ్ళు 'ఈ భూమి అసలు ఎవరిది' అని తేలక కోర్టు మెట్లెక్కారు. ఒకప్పుడు గండిపేట చెరువు పక్కన ఒక మామూలు పల్లె అది. దాని కథ పత్రికల్లో ఎప్పుడూ ధరల కథగానే వస్తున్నది. నేను ఇక్కడ చెప్పదలుచుకున్నది ధర గురించి కాదు, కాగితం గురించి.

కోకాపేటలో 1600 ఎకరాలకు పైబడిన భూమి తమ పూర్వీకుడైన నవాబు నుస్రత్ జంగ్ బహదూర్‌దని ఆయన వారసులు దశాబ్దాల తరబడి వ్యాజ్యం నడిపారు. 2017లో సుప్రీంకోర్టు వారి అప్పీలు కొట్టేసింది. గెలిచింది సర్కారు, ఓడింది నవాబు వారసులు. ఇద్దరి చేతుల్లోనూ కాగితాలున్నాయి. నిజాం కాలపు కాగితాలు, జాగీర్లు రద్దయిన 1949 నాటి నుంచి పెరుగుతూ వచ్చిన ఫైళ్ళు. ఓడినవాళ్ళు కూడా అన్ని కోర్టుల్లో, అన్నేళ్ళు నిలబడగలిగారంటే వాళ్ళ ఇంట్లో కాగితం దాచుకునే పెట్టె వుంది, దాన్ని చదివి పెట్టే మునిషీ వున్నాడు, దాని విలువ తెలిసిన తరాలు వున్నాయి. ఆ భూమిని దున్నినవాళ్ళు, దానికి నీళ్ళు కట్టినవాళ్ళు, అధికారి వస్తే మూటలు మోసినవాళ్ళు ఆ దావాలో కక్షిదారులు కారు. కావాలంటే యే కాగితం పట్టుకుని పోవాలి?

కాగితంలో మనవాళ్ళు అసలే లేరని అనలేం. వున్నారు, కానీ యెలా వున్నారనేది చూడాలి. తెలంగాణ పల్లెల్లో చెరువు తూము దగ్గర నీళ్ళు వదిలే పనివాడు నీరడి. సర్కారుకూ దొరకూ వెట్టి చేసేవాడు బేగరి. ఆ చాకిరికి బదులు గుంటల్లో లెక్కపెట్టే ఇనాం భూమి వుండేది కొన్నిచోట్ల. ఇవ్వాళ రంగారెడ్డి, మెదక్ జిల్లాల మాల మాదిగ వాడల్లోకి పోతే నీరడి, బేగరి అనేవి ఇంటిపేర్లు. బడిలో హాజరు పట్టీ రాసే పంతులు 'ఇంటిపేరేంది' అని అడిగితే చెప్పుకోవడానికి మనవాడికి దొరికింది దొర పెట్టిన వెట్టి పేరే. రెడ్డికి ఊరిపేరు ఇంటిపేరైంది. మనకు చాకిరి ఇంటిపేరైంది. నా దృష్టిలో ఇది తెలంగాణ దళితుల చరిత్రకు వొక ఆధారపత్రం. యే దఫ్తరంలోనూ దాచకపోయినా మనుషుల మీదనే దాగి వున్నది.

నిజాం రాజ్యపు రెవెన్యూ కాగితాలు మొదట ఫార్సీలో, 1880ల మధ్య నుంచి ఉర్దూలో నడిచాయి. సేత్వార్, ఫైసల్ పట్టీ, మున్తఖబ్ అనే మాటలు ఇప్పటికీ తహసీల్ కచేరీల్లో నలుగుతూనే వున్నాయి. జాగీర్లు పోయాక 1954-55లో రాసిన ఖాస్రా పహణీకి కోర్టులు ఇవ్వాళ్టికీ పెద్దపీట వేస్తాయి. అందులో పట్టాదారు పేరుకు వొక గడి, భూమి వాస్తవంగా యెవరి అనుభవంలో వుందో రాయడానికి వొక గడి వున్నాయి. ఆ రెండో గడిలోనే అక్కడక్కడ మనవాళ్ళ పేర్లు కనిపిస్తాయి. 2020లో వచ్చిన ధరణిలో అనుభవదారు గడే లేకుండా పోయింది. ధరణి స్థానంలో భూభారతి చట్టం 2025 ఏప్రిల్ 14న, అంబేద్కర్ జయంతి రోజున, అమల్లోకి వచ్చింది. కంప్యూటర్లు మారినా, చట్టాలు మారినా, 'మా తాత దున్నిండు' అనే మాటకు సాక్ష్యం ఇంకా ఆ పాత అచ్చుఫారం మీద సిరాతో రాసిన వొక వరుసలోనే వుంది. ఆ వరుస ఉర్దూలో వుంటే చదివేవాడి కోసం నగరమంతా తిరగాలి. మా ఇంట్లో డిగ్రీ ముఖం చూసింది నేనే మొదట. మా నాయన వేలిముద్ర మనిషి. ఆయన పేరున్న కాగితం చదవడానికి ముప్పయి యేళ్ళు దాటాక అలీఫ్ బే దిద్దుకోవాల్సి వచ్చింది.

భూమి కాగితానికి, యెంత వంకరదైనా, వొక దఫ్తరం వుంది. తార్నాకలోని రాష్ట్ర పురావస్తు పత్రభాండాగారంలో షాజహాన్, ఔరంగజేబు కాలపు కాగితాలు కూడా భద్రంగా వున్నాయి. మరి మన సంఘాలకు, మన సభలకు, మన పత్రికలకు దఫ్తరం యేది? ఈ ప్రశ్న వేసుకుంటే హైదరాబాదులో చరిత్ర కోసం పుట్టిన సంఘాల దగ్గరికి పోవాలి.

1901లో రావిచెట్టు రంగారావు, కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు కలిసి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టారు. 1906లో విజ్ఞానచంద్రికా మండలి పుట్టింది, తెలుగులో చరిత్ర, శాస్త్ర గ్రంథాలు అచ్చువేసింది. లక్ష్మణరావు 1923లో పోయారు. ఆయన పేరు మీద లక్ష్మణరాయ పరిశోధక మండలి నడిచింది. ఆదిరాజు వీరభద్రరావు వంటివారు పల్లె పల్లె తిరిగి శాసనాలకు నకళ్ళు తీశారు. 1935లో 'తెలంగాణా శాసనములు' అచ్చయింది. రాజమండ్రిలో 1922లో చిలుకూరి వీరభద్రరావు ప్రభృతులు ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పెట్టారు, 1926 నుంచి దాని పత్రిక వచ్చింది. ఈ పనిని తక్కువ చేసి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. ఉర్దూ తప్ప మరో భాషకు గౌరవం దొరకని రాజ్యంలో, జీతం లేకుండా, ఎండలో రాళ్ళ మీద కాగితం పరిచి అక్షరం పట్టుకొచ్చిన మనుషులు వాళ్ళు. ఆ ఓపిక నేర్చుకోదగింది.

అయితే ఆ ఓపిక దేనిమీద ఖర్చయింది? శాసనం అంటే యెక్కువ భాగం దానపత్రం. ఇచ్చిన రాజు పేరు వుంటుంది, పుచ్చుకున్న బ్రాహ్మడి గోత్రం వుంటుంది, పొలం హద్దులు వుంటాయి. ఆ పొలంతోపాటు చేతులు మారిన మనుషుల పేర్లు చాలా అరుదు. అంటే వెయ్యేళ్ళ నాడు రాయి మీద యెవరిని విడిచిపెట్టారో, 1920లలో కాగితం మీద కూడా వారినే విడిచిపెట్టడం జరిగింది. యెవరో కుట్ర చేసి కూర్చున్నారని దీనర్థం కాదు. చరిత్ర అంటే రాజవంశం, సాహిత్యం, భాష అని ఆ తరం చదువుకున్నవాళ్ళు గట్టిగా నమ్మారు. ఆ నమ్మకమే యే కాగితం దాచాలో, యేది పొట్లాలకు పోవాలో తేల్చింది.

విచిత్రం యేమంటే విజ్ఞానచంద్రికా మండలి పుట్టిన 1906లోనే, అదే నగరంలో, భాగ్యరెడ్డివర్మ జగన్మిత్ర మండలి పెట్టాడు. ఆయన అసలు పేరు మాదరి భాగయ్య, పుట్టింది 1888 మే 22న. 1911లో జగన్మిత్ర మండలి మన్యసంఘం అయింది. తర్వాత 1920ల మొదట్లో ఆదిహిందూ సోషల్ సర్వీస్ లీగ్ అయింది. 1910లో ఇసామియా బజార్‌లో, లింగంపల్లిలో అంటరానివాళ్ళ పిల్లలకు తెలుగు బడులు మొదలయ్యాయి. భాషానిలయం వున్న సుల్తాన్ బజార్, ఈ బడి వున్న ఇసామియా బజార్ పక్కపక్క బస్తీలు. నడిచిపోతే చెమట కూడా పట్టదు. ఒక వీధిలో తెలుగు పుస్తకం దాచే పని, పక్క వీధిలో ఆ పుస్తకం ముట్టుకోనివ్వని పిల్లల చేత అక్షరాలు దిద్దించే పని. తెలుగు గ్రంథాలయోద్యమ చరిత్ర రాసినవాళ్ళు మొదటి వీధి గురించి అధ్యాయాలకు అధ్యాయాలు రాశారు. రెండో వీధి వాళ్ళ లెక్కలో సంఘసంస్కరణ అనే వేరే ఖాతాలోకి పోయింది. నాకైతే ఈ రెండూ తెలుగు అచ్చు చరిత్రలో వొకే అధ్యాయంగా కనిపిస్తున్నాయి.

ఆయన రాసిందీ, అచ్చువేసిందీ తక్కువేమీ కాదు. 1917 నవంబరులో బెజవాడలో పంచమ మహాసభకు అధ్యక్షుడై, పంచమ అనే పేరును తోసేసి ఆదిఆంధ్ర అనే పేరు నిలబెట్టాడు. 1931 నుంచి 'భాగ్యనగర్' పత్రిక నడిపాడు, అదే తర్వాత 'ఆదిహిందూ' అయింది. ఆ పత్రికలోనే 1930ల మొదట్లో ఆయన రాసిన 'వెట్టి మాదిగ' కథ వచ్చింది. తెలుగులో దళితుడు రాసిన తొలి కథల్లో దాన్ని లెక్కించాలి. నిజాం రాజ్యంలో 1931 జనాభా లెక్కల్లో ఆదిహిందువులు అనే పేరుతో నమోదు చేయాలని ఉద్యమం నడిపి ఒప్పించారు. సర్కారు అచ్చువేసిన లెక్కల పుస్తకంలో మనం పెట్టుకున్న పేరు మొదటిసారి యెక్కింది అప్పుడే. అచ్చు బలం యేమిటో ఆ తరం మనవాళ్ళకు తెలిసినంతగా ఇవ్వాళ మనకు తెలియదేమో అనిపిస్తుంది.

1930లో జోగిపేటలో మొదటి ఆంధ్రమహాసభ జరిగినప్పుడు భాగ్యరెడ్డివర్మ పాల్గొనడాన్ని కొందరు ప్రతినిధులు వ్యతిరేకించారు. సభలో కుర్చీ ఇవ్వడానికే పేచీ పెట్టినవాళ్ళు గ్రంథాలయంలో అలమారు ఇస్తారా?

ఈ పత్రికలు, కరపత్రాలు, సభా నివేదికలు యెందుకు చెల్లాచెదురయ్యాయి? కారణాలు చెప్పుకుంటే కొన్ని అచ్చంగా చట్టానికి సంబంధించినవి. బ్రిటిషు ఇండియాలో 1867 నాటి పుస్తకాల నమోదు చట్టం వుండేది. మద్రాసు రాజధానిలో అచ్చయిన ప్రతి పుస్తకం సర్కారుకు ప్రతి ఇవ్వాలి, మూణ్ణెల్లకోసారి జాబితా అచ్చవుతుంది, అందులో కొన్ని లండన్ దాకా పోతాయి. అందుకే రాజమండ్రిలో కుసుమ ధర్మన్న 1921లో వేసిన 'మాకొద్దీ నల్లదొరతనము' వంటి చిన్న పుస్తకం కూడా సర్కారు జాబితా కంటపడే వీలుంది. హైదరాబాదు సంస్థానం ఆ చట్టానికి బయట వుంది. ఇక్కడ వేసిన తెలుగు కరపత్రానికి ఆ జాల లేదు. చిక్కడానికి యెక్కడో వొక ఇల్లే కావాలి. ఆ ఇల్లు బస్తీలో అద్దె ఇల్లు. వాన పడితే మొదట తడిసేది అటకమీది పెట్టే.

రెండోది కాగితమే. ఔరంగజేబు కాలపు ఫర్మానా ఇంకా నిలిచి వుండటానికి వొక కారణం అది గుడ్డపేలికలతో చేత్తో చేసిన కాగితం. 19వ శతాబ్దం చివరి నుంచి వచ్చిన చవక న్యూస్‌ప్రింట్ చెక్కగుజ్జుది, దానిలోనే ఆమ్లం వుంటుంది. వెలుతురు, వేడి తగిలితే పసుపెక్కి, మడతల దగ్గర అప్పడంలా విరుగుతుంది. చందాలతో నడిచే ఆదిహిందూ పత్రికకు దొరికేది యే కాగితం? అన్నిటికంటే చవకది. మూడువందల యేళ్ళ నాటి పాదుషా కాగితం మడత పెట్టొచ్చు, తొంభయ్యేళ్ళ నాటి మన పత్రిక ముట్టుకుంటే పొడి అవుతుంది. నేను తిరిగిన చోట్ల 'ఆదిహిందూ' పూర్తి ఫైలు నాకు దొరకలేదు. ఒక గ్రంథాలయంలో అయితే ఉద్యోగి నా సిఫారసు ఉత్తరం చదివే ముందు నా ఇంటిపేరు చదివాడు, 'మీ వాళ్ళవి మా దగ్గరెందుకుంటయి' అన్నాడు. ఆయన జవాబు మొరటుదే, కానీ క్యాటలాగు కంటే నిజాయితీగా వుంది.

ఒక మనిషి పట్టుదలతో దాచుకున్న కాగితాల మీద మన చరిత్ర యెంత ఆధారపడిందో పి.ఆర్. వెంకటస్వామి పుస్తకం చూస్తే తెలుస్తుంది. 'అవర్ స్ట్రగుల్ ఫర్ ఎమాన్సిపేషన్' అనే పేరుతో 1955లో ఆయన రెండు సంపుటాలు అచ్చువేశాడు. భాగ్యరెడ్డివర్మ, అరిగె రామస్వామి, బి.ఎస్. వెంకటరావు, శ్యాంసుందర్, సుబ్బయ్య, వీళ్ళ సభలు, వీళ్ళ తగాదాలు, చీలికలు అన్నీ అందులో వున్నాయి. వెంకటస్వామి ఉద్యమంలో వున్న మనిషి, పక్షపాతాలున్న మనిషి, కొన్నిచోట్ల కోపంతో రాశాడు. అయినా తేదీలు, తీర్మానాలు, పేర్లు పట్టుకుని రాశాడు. ఆ పుస్తకం 2020లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ మళ్ళీ వేసేదాకా 65 యేళ్ళు పట్టింది. నాకు మొదట దొరికింది నకలుకు నకలు తీసిన జిరాక్సు. కొన్ని పేజీల అంచుల్లో అక్షరాలు తెగిపోయాయి. తెగిన అక్షరాల దగ్గర మనుషుల పేర్లున్నాయి. హైదరాబాదు దళితోద్యమం మీద ఇవ్వాళ వచ్చే యే వ్యాసమైనా, పీహెచ్‌డీ అయినా ఆ రెండు సంపుటాలను దాటి పోలేదు. ఆయన పెట్టెలో పడని కాగితం ఇప్పుడు మనకు చరిత్రలోనూ లేనట్టే అయింది.

ఇక ఇక్కడి నుంచి చాలా దూరం పోవాలి. అమెరికాలో జార్జియా రాష్ట్రం, అట్లాంటా నగరం. అక్కడ మెర్సర్ విశ్వవిద్యాలయం ఆవరణలో అమెరికన్ బాప్టిస్ట్ హిస్టారికల్ సొసైటీ గ్రంథాలయం వుంది. ఒంగోలు మాదిగల పేర్లు, పాలమూరు మాలల పేర్లు అచ్చులో మొదట యెక్కడ యెక్కాయని వెతుకుతూ పోతే దారి అటే తీసుకెళుతుంది. మతం యేమిటనే చర్చ ఇక్కడ నా పని కాదు. ఒక సంఘం తన కాగితాలను యెలా దాచుకుందో చూడాలి.

ఆ సొసైటీ 1853లో ఫిలడెల్ఫియాలో పుట్టింది. అదే 1853లో ఆ మిషను వాళ్ళ సభలో నెల్లూరు మిషనును మూసేద్దామా అన్న చర్చ జరిగింది. అన్నేళ్ళలో ఫలితం లేదు, ఖర్చు దండుగ అన్నారు. పటంలో వొంటరి చుక్కలా వుంది కాబట్టి దానికి 'లోన్ స్టార్' అనే పేరు అప్పుడే వచ్చింది. మూయలేదు. 1860లలో జాన్ క్లౌ వచ్చాడు, ఒంగోలు చేరాడు. తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ ఎర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని క్లౌ కాంట్రాక్టుకు తీసుకుని మాదిగలకు కూలి ఇప్పించాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ వొడ్డున వొక్కరోజే 2222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఈ సంగతులన్నీ అక్కడి మిషను పత్రికలో నెలనెలా అచ్చయ్యాయి. క్లౌ భార్య ఎమ్మా రాషెన్‌బుష్ క్లౌ మాదిగల దగ్గర కథలు అడిగి రాసుకుని 1899లో 'వైల్ సూయింగ్ శాండల్స్' అనే పుస్తకం వేసింది.

ఈ రాతలు మిషనరీ చూపుతో రాసినవి. వాళ్ళకు మాదిగ అంటే రక్షించాల్సిన ఆత్మ, చందాదారులకు చూపాల్సిన లెక్క. కానీ ఆ పుస్తకాన్నే కొంచెం అడ్డంగా చదివితే మరోటి బయటపడుతుంది. పేరయ్య మిషనరీని కలవక ముందే యోగ సంప్రదాయపు గురువుల దగ్గర ఉపదేశం పొందినవాడు. అంటే చెప్పులు కుట్టే వాడల్లో దేవుడి గురించి, విగ్రహాల గురించి, కులం గురించి తర్కం అప్పటికే నడుస్తున్నది. చీకట్లో కూర్చున్నవాళ్ళకు తెల్లదొర దీపం పట్టాడన్న మిషనరీ కథను మిషనరీ అచ్చే కాదంటున్నది. శాసనాలు మోసుకొచ్చిన మండళ్ళ దగ్గర మనకు దొరకని పేరు, ఊరు, వృత్తి, మాట్లాడిన మాట ఇక్కడ దొరుకుతున్నాయి. 19వ శతాబ్దం చివరి పాతికేళ్ళలో హన్మకొండ, పాలమూరు, నల్గొండల్లో కూడా ఈ మిషను అడుగుపెట్టింది కాబట్టి నిజాం రాజ్యపు వాడలకూ ఇది వర్తిస్తుంది. మెదక్ వైపు వెస్లియన్ మెథడిస్టులు పనిచేశారు, వాళ్ళ మిషను కాగితాలు లండన్‌లో వున్నాయి.

1896లో ఫిలడెల్ఫియాలో జరిగిన అగ్నిప్రమాదంలో ఆ సొసైటీ గ్రంథాలయం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. వాళ్ళు అక్కడితో ఆపలేదు. మళ్ళీ పోగుచేశారు. అది సాధ్యం కావడానికి కారణం, వాళ్ళ సంఘాల్లో సాలు సాలుకూ నివేదిక అచ్చువేసే అలవాటు వుంది. వొక చోట కాలిపోయిన నివేదికకు ఇంకో ఊరి చర్చిలో, ఇంకో కాలేజీలో ప్రతి వుంది. రోచెస్టర్‌లో, వ్యాలీఫోర్జ్‌లో విడివిడిగా వున్న సంచయాలను 2008లో అట్లాంటాకు చేర్చి వొక్కచోట పెట్టారు. ఇందులో మంత్రమేమీ లేదు. ప్రతి యేడాదీ రాయడం, అచ్చువేయడం, రెండు మూడు చోట్ల దాచడం, జాబితా కట్టడం, దాన్ని చూసుకునే మనిషికి జీతం ఇవ్వడం. డబ్బున్న సంఘం కాబట్టి చేశారంటారా? జీతం మాట వరకు అది నిజం. మిగతా నాలుగు పనులకు డబ్బు కంటే అలవాటే యెక్కువ కావాలి. మన సంఘాలు తీర్మానం చేస్తాయి, కరపత్రం వేస్తాయి, పంచుతాయి. పంచగా మిగిలిన ప్రతి వొకటైనా దాచిన కార్యదర్శిని నేను తక్కువ చూశాను.

నష్టం కూడా చెప్పుకోవాలి. ఒంగోలు మాదిగ పిల్ల తన ముత్తాత పేరు చదవాలంటే అమెరికా వీసా కావాలి. 19వ శతాబ్దపు మిషను పత్రికలు కొన్ని స్కాన్ అయి బయటికి వచ్చాయి, అది మేలే. కానీ అచ్చుకాని ఉత్తరాలు, బోధకుల రిపోర్టులు పెట్టెల్లోనే వుంటాయి. పెట్టె తెరిచే తాళం యెవరి దగ్గర వుంటే ప్రశ్న వేసే హక్కు కూడా వారి దగ్గరే వుంటుంది.

దగ్గర్లో నేర్చుకోవడానికి యేమీ లేదని అనుకోవద్దు. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో వొక పల్లెటూళ్ళో మొదలై పాత పత్రికల ఫైళ్ళకు పేరు తెచ్చుకుంది. హైదరాబాదులో అబ్దుస్ సమద్ ఖాన్ అనే వొక్క మనిషి జీవితమంతా ఉర్దూ పుస్తకాలు, పత్రికలు పోగుచేశాడు. 1990లలో అమెరికన్ గ్రంథాలయాలు కొన్ని కలిసి ఆ సంచయాన్ని కొని, బయటికి తరలించకుండా బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనే వుంచాయి. 2000 ఆగస్టు వరదల్లో ఆ కేంద్రంలోకి నీళ్ళొచ్చి వేల పుస్తకాలు నానాయి. కాపాడుకున్నవి కాపాడుకున్నారు. పుస్తకం దాచేటప్పుడు కింది అంతస్తు పనికిరాదని ఆ వాన చెప్పింది. దళితవాడలన్నీ ఊరికి పల్లంలోనే వుంటాయి కాబట్టి ఈ మాట మనకు ఇంకా యెక్కువ వర్తిస్తుంది.

మళ్ళీ కోకాపేటకు వస్తాను. ఎకరం వంద కోట్ల భూమి చుట్టూ వున్న ఊళ్ళలో దళితులకు సర్కారు ఇచ్చిన లావోణి పట్టాలు, అసైన్‌మెంటు పట్టాలు వున్నాయి. 1977 చట్టం ప్రకారం అసైన్డు భూమి అమ్మకూడదు, కొనకూడదు. అమ్మకం చెల్లదు. అయినా చేతులు మారినచోట మారింది. అమ్ముకున్నది యెవరు, అమ్మించింది యెవరు, సర్కారు యే పేరుతో వెనక్కి తీసుకుంది, యెంత పరిహారం ఇచ్చింది, ఇవన్నీ తేలాలంటే మూడు తరాల కాగితం వొక్క చోట పెట్టి చదవాలి. చరిత్రకారుడు భూమి కాగితం రెవెన్యూ వాళ్ళ పని అనుకుంటాడు. వకీలు పాత కరపత్రం చరిత్రకారుడి పని అనుకుంటాడు. 1950లలో వొక బస్తీ సభ వేసిన కరపత్రంలో 'ఫలానా ఊరి మాదిగలు ఫలానా చెరువు శిఖం సాగు చేసుకుంటుండగా' అన్న వాక్యం వుంటే అది భూమి సాక్ష్యం కూడా. పహణీలో వున్న పేరే కరపత్రం కింద సంతకాల్లో వుంటే ఆ మనిషికి ముఖం వస్తుంది. అందుకే ఈ రెండు రకాల కాగితాలనూ విడదీయకుండా పోగుచేయాలని నా వాదన.

పరిశోధక మిత్రులం కొందరం ఈ పని మొదలుపెట్టాం. రంగారెడ్డి జిల్లా పాత రాజేంద్రనగర్, చేవెళ్ళ వైపు ఊళ్ళల్లో తిరుగుతున్నాం. మాకు కావలసినవి పెద్ద గ్రంథాలు కావు. అంబేద్కర్ సంఘం రసీదు బుక్కు, జయంతి కరపత్రం, హాస్టలు గుర్తింపు కార్డు, మిషను బడి సర్టిఫికెటు, లావోణి పట్టా, పాత పహణీ నకలు, కూలి సంఘం మినిట్స్ పుస్తకం, పెండ్లి పత్రిక. పెండ్లి పత్రికలో ఇంటిపేర్లు, ఊర్లు, చదువులు వుంటాయి. బేగరి అన్న ఇంటిపేరు పత్రిక మీద యే యేడు మాయమైందో, దాని స్థానంలో యేం వచ్చిందో అక్కడే తెలుస్తుంది.

ఇచ్చేవాళ్ళకు కొన్ని మాటలు. పాత కాగితానికి లామినేషన్ చేయించొద్దు. బజార్లో పది రూపాయలకు చేసిపెడతారు గానీ ఆ వేడికీ జిగురుకీ కాగితం లోపలే చస్తుంది, మళ్ళీ విడదీయలేం. సెల్లోటేపు అంటించొద్దు. మడత విప్పి, రెండు అట్టల మధ్య పెట్టి, నేల మీద కాకుండా పైన పెట్టండి. వెనక పెన్సిల్‌తో, పెన్నుతో కాదు, ఇది యెవరిది, యే ఊరు, యెవరి దగ్గర దొరికింది అని రాయండి. అసలు మాకు ఇవ్వాల్సిన పని లేదు. ఫొటో తీసుకుని ఆ పూటే తిరిగి ఇస్తాం. ఉర్దూ కాగితమైతే చదివి, తెలుగులో రాసి, ఆ రాతను కూడా మీ చేతికి ఇస్తాం. ఒక ప్రతి మీ ఇంట్లో, ఒకటి మా దగ్గర, మూడోది ఇంకో జిల్లాలో ఇంకో మిత్రుడి దగ్గర వుంటుంది.